ప్యాడ్‌లో ఎన్ని టోన్లున్నాయో కాదు, ఎంత లేటో చూడండి

"అన్నా, ఇంట్లో వాయించుకోడానికి ఒక ఎలక్ట్రానిక్ ప్యాడ్ చెప్పు. ఇందులో 300 టోన్లు ఉన్నాయంట, అందులో 700 అంట. ఏది తీసుకోమంటావ్?" గాడ్జెట్ల గురించి రాస్తుంటాను కాబట్టి ఇలాంటి ప్రశ్నలు నాకు తరచూ వస్తుంటాయి. ఫోన్ కెమెరాకి మెగాపిక్సెళ్లు లెక్కపెట్టే అలవాటే ఇక్కడికీ వచ్చేసింది. నా సమాధానం చాలామందికి నచ్చదు గానీ చెప్తాను. టోన్ల లెక్క పక్కన పెట్టండి. స్టిక్ రబ్బరుకు తగిలిన క్షణానికీ, శబ్దం చెవిలో పడిన క్షణానికీ మధ్య గ్యాప్ ఎంతో అది చూడండి. ఎంతో ఇష్టపడి ప్యాడ్ కొన్న కుర్రాళ్లు రెండు నెలలకే దాన్ని మంచం కిందకి తోసేయడానికి ఒక పెద్ద కారణం ఆ గ్యాపే అని నా నమ్మకం. బాధేంటంటే వాళ్లు తప్పు సెటప్‌ది అనుకోరు. "నాకు తాళం రాదులే" అని తేల్చేసుకుంటారు.

మన దగ్గర ఈ వాయిద్యాన్ని కొత్తగా పరిచయం చేయక్కర్లేదు. పెళ్లి ఆర్కెస్ట్రాలో, వినాయక చవితి పందిట్లో, చర్చిలో క్వయర్ పక్కన, ఎనిమిది నల్ల గడుల మీద స్టిక్స్‌తో దంచేసే మనిషిని అందరం చూశాం. ఏ కంపెనీదైనా మనోళ్లు దాన్ని "ప్యాడ్స్" అనో "ఆక్టోప్యాడ్" అనో అంటారు. నిజానికి ఆక్టాప్యాడ్ అనేది రోలాండ్ పెట్టుకున్న పేరు. 1985లో వచ్చిన దాని మొదటి మోడల్ ప్యాడ్-8లో ఎన్ని టోన్లు ఉండేవో తెలుసా? సున్నా. దానికి సొంత గొంతే లేదు. ఏ గడి మీద ఎంత గట్టిగా కొట్టారో మిడి కేబుల్ ద్వారా ఇంకో మెషీన్‌కి చెప్పడమే దాని పని. శబ్దం ఆ రెండో మెషీన్‌లోంచి వచ్చేది. ఆ తర్వాత చాలా ఏళ్లకు వచ్చిన ఎస్‌పీడీ-20లో 700 టోన్లు పెట్టారు. మన ఆర్కెస్ట్రాల్లో అది ఏళ్ల తరబడి రాజ్యమేలింది. అయితే ఆ 700లో స్టేజీ మీద రోజూ పలికేవి ఎన్ని? ఒక పాటకి ఎనిమిది, పాట మారితే ఇంకో ఎనిమిది. కిక్, స్నేర్, టామ్స్, డోలక్, తబలా, గజ్జెలు, చప్పట్లు... ఇంట్లో నేర్చుకునేవాళ్లకి ఇరవై మంచి టోన్లుంటే ఏడాది ఇట్టే గడిచిపోతుంది.

ఇక లేట్ సంగతికి వద్దాం. టెక్ భాషలో లేటెన్సీ. గాలిలో శబ్దం సెకనుకి దాదాపు 343 మీటర్లు వెళ్తుంది, అంటే మీటరుకి సుమారు 3 మిల్లీసెకన్లు. స్పీకర్ మీకు మూడు మీటర్ల దూరంలో ఉంటే 9 ఎంఎస్ లేట్ ఎలాగూ ఉన్నట్టే, దాంతో ఎవరికీ ఇబ్బంది లేదు. నా చెవి లెక్క ప్రకారం 10 లోపు హాయిగా ఉంటుంది. 20 దాటితే స్టిక్‌కి ఏదో బంక అంటుకున్నట్టు అనిపిస్తుంది. 40 దగ్గర స్పీడ్‌గా వాయించడం కష్టం. మీకు ఈ అంకెలు కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు.

ఇప్పుడు మన చెవుల్లో పొద్దస్తమానం ఉండే బ్లూటూత్ బడ్స్ సంగతి చూడండి. మామూలు ఎస్‌బీసీ కోడెక్‌తో లేట్ 150 నుంచి 250 ఎంఎస్ దాకా ఉండటం చాలా సాధారణం. 120 బీపీఎం పాట ఒకటి తీసుకోండి. నిమిషానికి 120 బీట్లు, అంటే బీట్‌కి 500 ఎంఎస్. ఆ బీట్‌ని నాలుగు ముక్కలు చేసి "త-క-ధి-మి" అనుకుంటే ఒక్కో అక్షరానికి 125 ఎంఎస్. లేట్ 200 ఉందనుకోండి, మీరు "క" కూడా కొట్టేశాక గానీ చెవిలో "త" పడదు. 250 అయితే సరిగ్గా "ధి" కొట్టే క్షణానికి "త" వినిపిస్తుంది. అప్పుడు చేయి చెవి కోసం ఆగుతుంది. చెవికి శబ్దం ఇంకా లేటుగా చేరుతుంది. చేయి ఇంకాస్త ఆగుతుంది. పాట ముందుకెళ్లిపోతుంది, మీరు వెనకబడిపోతారు. పక్కన కూర్చుని వింటున్న నాన్న "వీడికి లయ లేదే" అంటారు. ఆయన తప్పేమీ లేదు, ఆయనకి వినిపించేది మీ స్టిక్స్ చప్పుడే.

"మరి సినిమా చూసేటప్పుడు పెదాలూ మాటా బాగానే కలుస్తున్నాయి కదా?" అని అడుగుతారు. కలుస్తాయి, ఎందుకంటే బడ్స్ ఎంత లేటో తెలుసుకుని ప్లేయర్ బొమ్మని కూడా అంతే లేట్ చేసి చూపిస్తుంది. మీ చేతిని అలా లేట్ చేసే యాప్ ఇంకా రాలేదు. బాక్స్ మీద "గేమింగ్ మోడ్, 40 ఎంఎస్" అని రాసుంటే సంబరపడొద్దు. గేమ్‌కి అది చాలు, ప్యాడ్‌కి చాలదు. పైగా ఆ అంకె అన్ని ఫోన్లతోనూ, అన్ని పరిస్థితుల్లోనూ వస్తుందనుకోవద్దు.

కాబట్టి ప్యాడ్ బడ్జెట్‌లోంచి కొంత కోసి, వైర్డ్ హెడ్‌ఫోన్‌కి పెట్టండి. నేనైతే ఒక మోడల్ కింద ప్యాడ్ తీసుకుని అయినా ఈ డబ్బు మిగుల్చుకోమంటాను. ప్యాడ్ వెనక ఉండేది చాలావరకు 6.35 మిల్లీమీటర్ల పెద్ద జాక్, దానికి చిన్న కన్వర్టర్ పిన్ కావాలి. ఫోన్లలో జాక్ తీసేశాక డ్రాయర్‌లో పడేసిన పాత ఇయర్‌ఫోన్స్ ఉంటే దులపండి, మొదట్లో అవి కూడా పనికొస్తాయి.

బ్లూటూత్‌ని పూర్తిగా తిట్టడం కూడా అన్యాయమే. కొత్త ప్యాడ్లు కొన్నింట్లో ఫోన్ నుంచి పాటని బ్లూటూత్‌లో ప్యాడ్‌లోకి పంపే సౌకర్యం ఉంది. అది హాయిగా వాడుకోండి. పాట పావు సెకను లేటుగా మొదలైతే మనకేం నష్టం? మనం విన్నదానికే కదా వాయిస్తాం. ప్యాడ్ శబ్దం, పాట రెండూ కలిసి వైర్ మీద చెవికి వస్తే చాలు. ప్యాడ్ నుంచి బయటికి వచ్చే దారిలో మాత్రం బ్లూటూత్ ఉండకూడదు. అందుకే బ్లూటూత్ స్పీకర్ వద్దు. టీవీ కింద సౌండ్‌బార్‌కి ఆక్స్ వైర్‌తో కలిపినా ఒకసారి అనుమానంగానే చూడండి, లోపల ప్రాసెసింగ్ వల్ల వైర్ మీద కూడా లేట్ చేసే సౌండ్‌బార్లు ఉన్నాయి.

మీ సెటప్‌లో ఎంత లేట్ ఉందో తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేదు. ఫోన్‌ని ప్యాడ్ పక్కన పెట్టి రికార్డర్ ఆన్ చేయండి. హెడ్‌ఫోన్‌ని ఫోన్ మైక్‌కి ఆనించి పెట్టండి. వాల్యూమ్ పెంచి, చిన్న షార్ప్ టోన్ ఒకటి పెట్టుకుని, విడివిడిగా పది దెబ్బలు కొట్టండి. ఆ రికార్డింగ్‌ని ఆడాసిటీలో తెరిచి జూమ్ చేస్తే ప్రతి దెబ్బకీ రెండు శిఖరాలు కనిపిస్తాయి. మొదటిది స్టిక్ రబ్బరుకు తగిలిన "టక్", రెండోది హెడ్‌ఫోన్‌లోంచి వచ్చిన టోన్. రెండింటి మధ్య దూరమే మీ లేటెన్సీ. రెండూ ఒకదాని మీద ఒకటి పడి విడదీయలేకపోతున్నారా? అయితే మీ సెటప్ బాగున్నట్టే. వైర్‌తో ఒకసారి, బడ్స్‌తో ఒకసారి చేసి చూడండి. నేను ఇంతసేపు చెప్పినదానికంటే ఆ రెండు బొమ్మలే బాగా చెప్తాయి.

లేట్ దాక్కునే ఇంకో చోటు ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. సొంత శాంపిల్స్ వేసుకునే ప్యాడ్లు ఉన్నాయి కదా, రోలాండ్ ఎస్‌పీడీ-ఎస్‌ఎక్స్, అలెసిస్ శాంపిల్‌ప్యాడ్ ప్రో లాంటివి. వాటిలో మనోళ్లు ముందు చేసే పని డప్పు టోన్ ఎక్కించడం. అందులో తప్పేం లేదు, కంపెనీ ఇచ్చే టోన్లలో తబలా, డోలక్ బాగానే ఉన్నా మన డప్పు మోత సరిగ్గా పలికిన కిట్ నాకింకా తగల్లేదు. కానీ ఎక్కడో డౌన్‌లోడ్ చేసిన వేవ్ ఫైల్‌ని ఉన్నదున్నట్టు వేసేస్తారు. ఆ ఫైల్ మొదట్లో 30 ఎంఎస్ ఖాళీ ఉంటే మీ లక్ష రూపాయల ప్యాడ్ కూడా 30 ఎంఎస్ లేటుగానే పలుకుతుంది. ప్యాడ్ ఏం చేస్తుంది పాపం, మీరిచ్చిన నిశ్శబ్దాన్ని కూడా నిజాయితీగా వాయిస్తుంది! ఎడిటర్‌లో తెరిచి, గీత పైకి లేచే చోటు దాకా కత్తిరించి, అప్పుడు ఎక్కించండి. తెలిసినవాళ్లలో డప్పు కళాకారులుంటే ఇంకా మంచిది. మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా కొట్టించి సొంతంగా రికార్డ్ చేసుకోండి.

ప్యాడ్‌లో సొంత టోన్లు లేకుండా, యూఎస్‌బీతో ల్యాప్‌టాప్‌కో ఫోన్‌కో కలిపి వాడే మిడి కంట్రోలర్లూ ఉన్నాయి. చూస్తే 1985 నాటి ఐడియానే మళ్లీ చవగ్గా తిరిగొచ్చింది. ఇక్కడ మిడిని నిందించొద్దు. పాత అయిదు పిన్నుల కేబుల్‌లోనే సెకనుకి 31,250 బిట్లు వెళ్తాయి, ఒక దెబ్బ సమాచారం చేరడానికి 1 ఎంఎస్ కూడా పట్టదు. లేట్ అయ్యేది సౌండ్ బఫర్ దగ్గర. 48 కిలోహెర్ట్జ్‌లో 128 శాంపిళ్ల బఫర్ అంటే సుమారు 2.7 ఎంఎస్, 1024 అంటే 21 ఎంఎస్. విండోస్‌లో యాసియో డ్రైవర్ వేసుకుని బఫర్‌ని 128కో 256కో తగ్గించండి. చిటపటమని శబ్దం వస్తే ఒక మెట్టు పైకి జరపండి. ఆండ్రాయిడ్‌లో మిడి సపోర్ట్ 2015లో మార్ష్‌మల్లోతో వచ్చింది, తక్కువ లేట్ కోసం ఆడియో యాప్‌లు వాడుకునే ఏఆడియో 2017లో ఓరియోతో వచ్చింది. అయినా ఫోన్ ఫోన్‌కీ తేడా ఉంటుంది. ఇంట్లో పాత ఐప్యాడ్ పడుంటే గ్యారేజ్‌బ్యాండ్‌తో అది మీ కొత్త ఆండ్రాయిడ్ ఫోన్ కంటే నమ్మకంగా పనిచేయొచ్చు. ఆండ్రాయిడ్ ఫ్యాన్స్ తిట్టుకున్నా ఇది నా మాట. ఇంకో చిన్న విషయం. కలపగానే డ్రమ్స్ బదులు పియానో పలికితే కంగారు పడకండి. జనరల్ మిడిలో డ్రమ్స్‌కి 10వ ఛానెల్ కేటాయించారు. ప్యాడ్‌ని ఆ ఛానెల్‌కి మార్చి, కిక్‌కి 36, స్నేర్‌కి 38, మూసిన హైహ్యాట్‌కి 42 నోట్ పెట్టండి.

సెట్టింగ్స్‌లో నిజంగా సమయం పెట్టాల్సింది ప్యాడ్ సెన్సార్ల మీద. రబ్బరు కింద ఉండే సెన్సార్ అదురుని పట్టుకుని, దెబ్బ బలాన్ని 1 నుంచి 127 వరకు ఒక అంకెగా మారుస్తుంది. ఫ్యాక్టరీ సెట్టింగ్ ఎవరి చేతి కోసం చేశారో గానీ మన చేతి కోసం కాదు. మెల్లగా కొడితే పలక్కపోతే థ్రెషోల్డ్ తగ్గించండి. మామూలు దెబ్బకే 127 దగ్గర అంటుకుపోతుంటే సెన్సిటివిటీ తగ్గించండి, లేకపోతే మెల్లని దెబ్బకీ గట్టి దెబ్బకీ తేడానే ఉండదు. ఒక గడి కొడితే పక్క గడి కూడా పలకడాన్ని క్రాస్‌టాక్ అంటారు. మెనూలోకి వెళ్లే ముందు స్టాండ్ క్లాంప్ నట్లు బిగించి చూడండి, వదులుగా ఉన్న క్లాంప్ వల్ల కూడా ఈ జబ్బు వస్తుంది. ఒక్క దెబ్బకి రెండు సార్లు పలికితే మాస్క్ టైమ్ కొంచెం పెంచాలి, మరీ పెంచితే వేగంగా కొట్టిన రోల్‌లో దెబ్బలు మింగేస్తుంది. ఒక ఆదివారం మధ్యాహ్నం దీనికే కేటాయించండి.

ఇక ఇంట్లో గొడవ. "హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ఎవరికీ వినపడదు" అనే మాట సగమే నిజం. గదిలో మోత ఉండదు, నిజమే. కానీ స్టిక్ రబ్బరుని కొట్టే "టక్ టక్" పక్క గదికి వినిపిస్తుంది. అంతకంటే ముఖ్యం, ఆ అదురు స్టాండ్ కాళ్ల మీదుగా శ్లాబులోకి దిగి కింది ఇంటివాళ్ల సీలింగ్‌లోంచి బయటపడుతుంది. కాలితో తొక్కే కిక్ పెడల్ ఉంటే ఇంకా ఘోరం. మా కింది ఇంట్లో అంకుల్‌ది నైట్ డ్యూటీ. పగలంతా ఆయన పడుకుంటారు, అందుకే నా టైమ్ సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది అని ముందే మాట్లాడుకున్నాం. మీరూ ఒక పని చేయండి. పైన తమ్ముడినో చెల్లినో వాయించమని చెప్పి, కింది ఇంటికి వెళ్లి అయిదు నిమిషాలు కూర్చుని వినండి. వాళ్లతో మంచి మాట కలుస్తుంది, ఎంత వినిపిస్తుందో మీకూ తెలుస్తుంది.

ప్యాడ్‌ని టేబుల్ మీద పెట్టొద్దు, టేబుల్ చెక్కే ఇంకో డ్రమ్ అయి కూర్చుంటుంది. స్టాండ్ మీద పెట్టి, కాళ్ల కింద మడతపెట్టిన బొంత వేస్తే ఎనిమిది గడుల ప్యాడ్‌కి చాలావరకు సరిపోతుంది. పెడల్ ఉంటే మాత్రం యోగా మ్యాట్‌ని నమ్ముకోవద్దు. దీనికి డ్రమ్మర్లు చాలాకాలంగా వాడే చిట్కా టెన్నిస్ బంతులు. రెండు మందపాటి ప్లైవుడ్ పలకలు, వాటి మధ్య తొమ్మిదో పన్నెండో టెన్నిస్ బంతులు. బంతులు జారిపోకుండా కింది పలకలో, పై పలక అడుగున గుండ్రటి గుంటలు పెట్టించాలి. రెండు పలకలు ఒకదానికొకటి ఎక్కడా తగలకూడదు. క్రికెట్ ఆడి గుండు చేసిన పాత బంతులైనా పర్లేదు. కార్పెంటర్ "ఇదేంటి బాబూ" అని వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

వాయించడం గురించి ఎక్కువ చెప్పను, అది చేతులతో నేర్చుకోవాల్సింది. ప్యాడ్ ఎత్తు మోచేతి కంటే కొంచెం కిందకి ఉండాలి, మీవైపు కాస్త వాలి ఉండాలి. స్టిక్‌ని గొంతు పిసికినట్టు పట్టుకోవద్దు, రబ్బరే దాన్ని పైకి ఎగరేస్తుంది, ఎగరనివ్వండి. మెట్రోనోమ్ 60 దగ్గర పెట్టి, కుడి-ఎడమ-కుడి-కుడి, ఎడమ-కుడి-ఎడమ-ఎడమ అని రోజూ పావుగంట. ఇంగ్లిష్‌లో వన్ టూ త్రీ అని లెక్కపెట్టే వీడియోలు చూసి తికమకపడేవాళ్లకి నా సలహా, మన జతులు వాడండి. మూడుకి తకిట, నాలుగుకి తకధిమి, అయిదుకి తకతకిట, ఏడుకి తకిటతకధిమి. నోటితో పలికింది చేతికి త్వరగా వస్తుంది. తీన్మార్ మీద మోజుంటే తకిటతో మొదలుపెట్టండి, 60లో స్థిరంగా వచ్చాకే స్పీడ్ పెంచండి. హెడ్‌ఫోన్ వాల్యూమ్ సగం దాటించొద్దు, డ్రమ్ శబ్దాలు ఒక్కసారిగా ఎగిసిపడతాయి కాబట్టి చెవికి దెబ్బ.

కొనేటప్పుడు ఒక్క విషయంలో మాత్రం నేను మొండిగా ఉంటాను. ఆన్‌లైన్‌లో చుట్టచుట్టి పంపే సిలికాన్ ప్యాడ్లని పిల్లలకి కొనకండి. వాటిలో చాలావాటికి దెబ్బ బలం తెలియదు, మెల్లగా కొట్టినా గట్టిగా కొట్టినా ఒకటే శబ్దం. కాలింగ్ బెల్ నొక్కినట్టు ఉంటుంది. ఆ డబ్బుకి ఒక ప్రాక్టీస్ ప్యాడ్, ఒక జత 5ఏ స్టిక్స్ వస్తాయి. చేయి తిరిగాక మిగతాది చూసుకోవచ్చు. లేదంటే సెకండ్ హ్యాండ్‌లో మంచి కంపెనీ పాత ప్యాడ్ వెతకండి. ఆర్కెస్ట్రా వాళ్లు కొత్త మోడల్‌కి మారినప్పుడు అమ్ముతుంటారు. వెళ్లేటప్పుడు మీ వైర్డ్ హెడ్‌ఫోన్ పట్టుకెళ్లండి. ప్రతి గడినీ మధ్యలో, నాలుగు మూలల్లో, మెల్లగా, గట్టిగా కొట్టి చూడండి. జాక్‌ని అటూ ఇటూ కదిపితే శబ్దం తెగిపోతోందా చూడండి. అడాప్టర్ దానితో వచ్చిందేనా అని అడగండి. రోలాండ్ ప్యాడ్ల 9 వోల్టుల అడాప్టర్లలో పిన్ మధ్యలో నెగటివ్ ఉంటుంది, మన ఇంట్లో వైఫై రూటర్ల అడాప్టర్లలో సాధారణంగా మధ్యలో పాజిటివ్. పిన్ పట్టింది కదా అని రూటర్‌ది గుచ్చితే బేరం అక్కడితో సరి.